కేకమ్మ ఊపిరి

కేకమ్మ ఛాతీ నిండిందంటే ఎనిమిది మంది మగవాళ్ళ నడుములు వంగాల్సిందే. ఇది ఎగతాళి కాదు, వాళ్ళ బతుకుతెరువు. క్రేన్లు దూరలేని ఇరుకు సందుల్లోకి, గుమ్మాలు ఎత్తుగా ఉండే పాత భవనాల్లోకి పెద్ద పెద్ద యంత్రాలను మోకులు కట్టి, కింద ఇనుప పైపులు దొర్లించి, లాగి చేర్చే ముఠా వాళ్ళది. ముఠాకి మేస్త్రీ ఆమె భర్త. బరువెంత, వాలెంత, మోకు ఎక్కడ చుట్టాలి అని తల బద్దలుకొట్టుకునేది ఆయన. ముఠాను కదిపేది మాత్రం ఆవిడ గొంతు. అది తియ్యటి గొంతని ఎవరైనా అంటే నమ్మకండి. రేకు మీద ఇసుక పోసినట్టుంటుంది. కానీ సందు ఆ చివరి దాకా వినిపిస్తుంది, విన్నవాడి చేతులు వాటంతట అవే మోకు కోసం వెతుక్కుంటాయి.

ఆ కేకలో ఉండేవి మూడే మాటలు. "పట్టూ" అనగానే అందరూ మోకు బిగిస్తారు. "లాగూ..." అని ఆమె సాగదీసినంతసేపూ లాగుతారు. చివర "అడ్డు!" అనగానే యంత్రం వెనక గొంతుక్కూర్చున్న మనిషి దాని కిందికి కోసుగా చెక్కిన ఒక అడ్డుచెక్క తోస్తాడు. చెక్క పడిందంటే బరువు వెనక్కి జారదు. మూడు మాటలూ ఒక్క ఊపిరిలో అయిపోవాలి. మధ్యలో ఆమె గాలి పీల్చుకుంటే లాగేవాళ్ళు ఆగిపోతారు, చెక్క తోసేవాడు తికమకపడతాడు, యంత్రానికి మాత్రం ఏ తికమకా ఉండదు, అది కిందికే వస్తుంది. అందుకని ఎంత సాగదీసినా, ఆఖరి మాటకి సరిపడా గాలి గుండెల్లో దాచుకోవడమే ఆ పనిలోని కిటుకు. చెక్క తోసే మనిషి ఆమె సొంత తమ్ముడు కాబట్టి ఆ కిటుకు ఆమెకి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

ఆడమనిషి ఈ పనిలోకి ఎలా వచ్చిందని కొత్తవాళ్ళంతా అడుగుతారు. వాళ్ళ నాన్న ఇదే ముఠాలో కేక మనిషి. ఆయనకి అన్నం క్యారేజీ మోసుకెళ్ళే పిల్లగా ఆమె ప్రతి ఫ్యాక్టరీ గేటూ చూసింది. ఒకరోజు ఆయన గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. యంత్రం సగం గేటులో, సగం రోడ్డు మీద. లారీల హారన్లు, యజమాని తిట్లు. ప్రహరీ గోడ మీద కూర్చుని తమాషా చూస్తున్న పిల్లకి ఒళ్ళు మండిపోయింది. క్యారేజీ పక్కన పెట్టి "పట్టూ!" అని ఒక్క అరుపు అరిచింది. ఎవరు అరిచారో చూసుకునే లోపే మోకు బిగిసింది, యంత్రం కదిలింది. అది గేటు దాటాక అందరూ తల తిప్పి చూస్తే గోడ మీద రెండు జడల పిల్ల! ఆ రోజే ఆమెకి కేకమ్మ అని పేరు పడింది, అసలు పేరు ఏమిటో ఇప్పుడు ఓటరు కార్డు చూస్తే తప్ప తెలియదు.

ఆ గోడ మీది పిల్లకి అప్పటికే ఉబ్బసం. చలిగాలి తగిలితే చాలు, గొంతులో పిల్లికూతలు. పెళ్ళయ్యాక కొంతకాలం అది కనిపించకుండా పోయింది, ఇక రాదని అందరూ అనుకున్నారు. ఎక్కడికి పోతుంది? సిమెంటు గోడౌన్లు, రంపపు మిల్లులు, తుప్పు రాలే పాత షెడ్లు, ఇంటికొస్తే కట్టెల పొయ్యి. ఏళ్ళ తరబడి ఆ దుమ్మూ ధూళీ అంతా ఆమె ఛాతీలోనే కాపురం పెట్టింది. నలభై దాటాక మెట్లెక్కితే రొప్పు, పడుకుంటే దగ్గు.

చివరికి ఒక డాక్టరు ఆమెకి రెండు ఇన్హేలర్లు రాసిచ్చాడు. నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు పీల్చడానికి. నారింజ రంగుది రోజూ పొద్దునా సాయంత్రం, వచ్చినా రాకపోయినా. నీలం డబ్బా నొక్కితే కాసేపటికి ఛాతీ తేలికపడేది. నారింజది పీలిస్తే ఏమీ తెలిసేది కాదు. ఏమీ తెలియని మందు మందేమిటని దాన్ని దువ్వెనల పక్కన పడేసింది. నీలం డబ్బాని మాత్రం నడుముకి కట్టుకున్న సంచిలో దాచుకుని, ఆయాసం వచ్చినప్పుడల్లా లారీ చాటుకి పోయి పీల్చుకొచ్చేది. "అదేమిటే?" అని మేస్త్రీ అడిగితే "గొంతు సాఫీగా ఉండటానికి" అంది. మోకు ముడిలో వెంట్రుకంత తేడా పట్టగలిగే ఆ మహానుభావుడు ఈ అబద్ధాన్ని ఎంచక్కా నమ్మేశాడు.

దాచడం దేనికంటే, భయం. రొప్పే మనిషి కేక మీద ఎవరు బరువు పెడతారు? ఆ కేక లేకపోతే తనెవరు? ఇంట్లో కూర్చున్న ఇంకో ఆయాసం మనిషి. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చేది.

ఆ దాపరికమే ఒకరోజు కొంప ముంచబోయింది. పిండిమిల్లులోకి కొత్త యంత్రం ఎక్కిస్తున్నారు. గాలంతా పిండే. ఛాతీ బిగుసుకుపోతోందని ఆమెకి తెలుస్తూనే ఉంది. ఆపమని చెప్పి డబ్బా తీయవచ్చు. కానీ మిల్లు యజమాని ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఈ ఒక్క గుక్కా లాగేద్దాం అనుకుంది. "పట్టూ... లాగూ..." అంతే. ఆఖరి మాటకి దాచుకున్న గాలి అక్కడ లేదు. నోరు తెరుచుకుంది, పెదవులు కదిలాయి, శబ్దం లేదు. మోకు సడలింది, యంత్రం జానెడు వెనక్కి జారింది. తమ్ముడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు గానీ చేతి తొడుగు కిందే ఉండిపోయింది. పైపు కింద నలిగి అప్పడంలా అయిపోయిన ఆ తొడుగుని చూసి కేకమ్మ అక్కడే కూలబడింది.

ఆ సాయంత్రం మేస్త్రీ అరవలేదు, తిట్టలేదు. అరిచినా బాగుండేది. "ఇక నువ్వు రావద్దు" అన్నాడంతే.

మర్నాటి నుంచి మేస్త్రీ ఈల పట్టుకెళ్ళాడు. ఈలకి ఒకటే మాట వచ్చు. అది పట్టమందో, లాగమందో, ఆపమందో తెలియక ఒకడు తూర్పుకి లాగితే ఇంకొకడు తుమ్ముతూ నిలబడేవాడు. మేస్త్రీ స్వయంగా అరిచి చూశాడు. ఆయన గొంతు నూనె లేని తలుపులా కిర్రుమంటుంది, అందరూ నవ్వారు, నవ్వుతూ బరువు ఎవరు లాగగలరు? చిన్న చిన్న పనులు ఎలాగో లాక్కొచ్చారు. ఎక్కుడు దారి ఉన్న పనులన్నీ వదులుకున్నారు.

ఇంట్లో కూర్చున్న కేకమ్మకి పిచ్చెక్కినంత పనైంది. ఇక లాభం లేదని ఊపిరితిత్తుల ఆసుపత్రికి బయల్దేరింది. తమ్ముడు కూడా వస్తానన్నాడు. తొడుగు సంగతి అతను మళ్ళీ ఎత్తలేదు, అది ఆమెకి ఇంకా బాధ.

డాక్టరు ఆమె చేత ఒక గొట్టంలోకి ఊదించి, లెక్కలు చూసి, రెండు జబ్బులు కలిసి ఉన్నాయని చెప్పాడు. ఒకటి చిన్నప్పటి ఉబ్బసం. రెండోది ఏళ్ళ దుమ్ముకీ పొగకీ ఊపిరి గొట్టాలు దెబ్బతిని ఇరుకైపోవడం. "దెబ్బతిన్నది తిరిగి రాదమ్మా. కానీ బిగుసుకుపోయింది చాలావరకు సడలుతుంది. మందు సరిగ్గా వాడితేనే." వాడటం నేర్పడానికి పక్క గదిలో నర్సుకి అప్పగించాడు.

ఆ నర్సు ఇంత చిన్నపిల్ల, మాట మాత్రం చురుకు. డబ్బాని బాగా ఆడించింది. సీసాలాంటి ఒక పొడుగాటి గొట్టానికి తగిలించి చేతికిచ్చింది. "ముందు ఊపిరి పూర్తిగా వదిలెయ్యండి. ఈ మూతిని పెదాలతో గట్టిగా మూసి, డబ్బా నొక్కి, మెల్లగా, లోతుగా పీల్చండి. ఛాతీ నిండాక నోరు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టండి. అప్పుడే మందు లోపల కూర్చుంటుంది. సరేనా అమ్మా?"

"ఇంతేనా తల్లీ" అంది కేకమ్మ. నొక్కింది. పీల్చింది. ఛాతీ నిండింది. ఛాతీ నిండితే ఏమవుతుంది? ఇన్నేళ్ళుగా ఏమవుతోందో అదే అయింది.

"పట్టూ... లాగూ...!"

నోటికి గొట్టం ఉండటంతో మైకు పెట్టినట్టు మోగింది. వరండాలో వరసగా కూర్చున్న రోగులు లేచి నిలబడ్డారు. ఎవరిదో ఎక్స్‌రే కవరు కింద పడింది. నర్సు కళ్ళద్దాల మీద మందు మంచులా పట్టింది. గుమ్మంలో ఉన్న తమ్ముడు, పాపం, వంగి చెక్క కోసం నేల తడుముతున్నాడు.

నర్సు అద్దాలు తీసి తుడుచుకుంటూ, "మందంతా నాకే పట్టించారు కదమ్మా!" అంది. తరవాత ఆగలేక పకపకా నవ్వింది. ఆమెతో పాటు వరండా అంతా నవ్వింది.

కేకమ్మకి ముఖం ఎర్రబడింది. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి అరవకూడదని గట్టిగా అనుకుంది, "పట్టూ" మాత్రం వచ్చేసింది. మూడోసారి మూలుగులా వచ్చింది. నిండిన ఛాతీని నిశ్శబ్దంగా ఉంచడం ఆమె ఒంటికి అసలు తెలియదు. ఇన్ని రోజులూ లారీ చాటున ఎంత మందు పీల్చిందో, అందులో చాలావరకు వెంటనే వచ్చి వేసిన కేకతో పాటు గాల్లో కలిసిపోయిందన్నమాట! ఆ సంగతి తట్టగానే ఆమె నోరు వెళ్ళబెట్టింది. తర్వాత నర్సు చెయ్యి పట్టుకుని, పిండిమిల్లు సంగతి, తొడుగు సంగతి, లారీ చాటు సంగతి మొత్తం చెప్పేసింది. తమ్ముడు గుమ్మంలోనే నిలబడి వింటున్నాడు.

నర్సు డబ్బాని మళ్ళీ ఆడించి గొట్టానికి తగిలించింది. "అరవొద్దని నేను చెప్పను. అరవండి, కానీ లోపల. మోకు పట్టించండి, యంత్రాన్ని లాగించండి, ఆఖర్న చెక్క పెట్టించండి, అంతా మనసులోనే. చెక్క పడ్డాకే ఊపిరి వదలండి."

ఈసారి కేకమ్మ కళ్ళు మూసుకుంది. పీల్చింది. ఛాతీ నిండింది. గదిలో చప్పుడు లేదు. ఆమె మెడ నరాలు ఉబ్బాయి, పిడికిళ్ళు బిగిశాయి, లోపలెక్కడో ఏదో పెద్ద బరువు కదులుతోందని చూసేవాళ్ళకి కూడా తెలిసింది. నర్సు వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. పది అయ్యాక కేకమ్మ ఊపిరి వదిలి, "ఎక్కేసింది!" అంది. నర్సు చప్పట్లు కొట్టింది.

"మరి ఈ నారింజది? పీలిస్తే ఏమీ తెలియదు కదా" అని అడిగింది కేకమ్మ లేవబోతూ.

"మీరు చెప్పిన ఆ అడ్డుచెక్క ఉంది చూశారూ, అది బరువుని ముందుకి లాగుతుందా?"

"అదెందుకు లాగుతుంది, వెనక్కి రాకుండా ఆపుతుంది."

"ఇదీ అంతే. లోపల వాపు పెరక్కుండా ఆపుతుంది. పని చూపించడానికి రోజులు పడుతుంది. మానేశారో, జారుతుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యడం మర్చిపోకండి." కేకమ్మ నారింజ డబ్బాని కూడా నడుము సంచిలో వేసుకుంది.

ఆ రోజు నుంచి మేస్త్రీకి ఇంట్లో ఒక వింత మొదలైంది. పొద్దున్నే కళ్ళు తెరిచేసరికి భార్య మంచం పక్కన కళ్ళు మూసుకుని, ఛాతీ నింపుకుని, బొమ్మలా నిలబడి ఉంటుంది. నిద్రమత్తులో ఆయన చేతులు దుప్పటిని బిగించి లాగేవి. "పొద్దున్నే నా చేత ఏం మోయిస్తున్నావే?" అని విసుక్కునేవాడు. ఆమె జవాబు చెప్పేది కాదు, పది అయ్యేదాకా చెప్పకూడదు కూడా.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు తడిబట్టల బకెట్టు పట్టుకుని మేడ మీదికి వెళ్ళి, బట్టలు సగం ఆరేశాక ఆమెకి హఠాత్తుగా గుర్తొచ్చింది, మెట్ల మధ్యలో ఆగలేదు! ఎప్పుడూ ఆగి గోడ పట్టుకునే చోట ఈసారి ఆగనే లేదు! నమ్మకం కుదరక కిందికి దిగి మళ్ళీ ఎక్కి చూసింది. పక్కింటావిడ ఏం పోగొట్టుకున్నావని అడిగితే, "పోయింది దొరికింది!" అని తీగ మీది చీరని గట్టిగా వాటేసుకుంది.

సరిగ్గా అప్పుడే వచ్చింది ప్రింటింగ్ ప్రెస్సు పని. ప్రెస్సు ఉన్నది సందులో సందు. పైన కరెంటు తీగలు, క్రేన్ దూరదు. గుమ్మం మనిషెత్తు అరుగు మీద ఉంది. ఏనుగంత అచ్చు యంత్రాన్ని గర్డర్ల మీద పలకలు పరిచి వాలుగా పైకి లాగాలి. మేస్త్రీ చూసొచ్చి, "మనవల్ల కాదు, వద్దని చెప్పేస్తా" అన్నాడు.

"నేనొస్తా" అంది కేకమ్మ.

"ఆ మాట ఎత్తకు."

"ఎత్తుతా. మెట్లెక్కి దిగి చూపించనా? డాక్టరు కూడా సరేనన్నాడు. దుమ్ముకి ముక్కుకి గుడ్డ కట్టుకోమన్నాడు, డబ్బా దగ్గర పెట్టుకోమన్నాడు."

"డాక్టరు చెయ్యి పెడతాడా యంత్రం కింద?" అన్నాడు మేస్త్రీ.

అప్పటిదాకా మూలన కూర్చుని తాడు పురి సరిచేస్తున్న తమ్ముడు తలెత్తాడు. "పెట్టేది నేను కదా బావా. మరి నన్నడగవేం?" ఇద్దరూ అతని వైపు తిరిగారు. అతను మాత్రం అక్కనే చూస్తున్నాడు. "నేను కూర్చుంటా. కానీ ఒక్క మాట అక్కా. ఆ రోజు నీకు ఊపిరి ఆడకపోవడం తప్పు కాదు. ఆడట్లేదని మాకు చెప్పకపోవడం తప్పు. మళ్ళీ అలా అయితే ఆపెయ్. యజమాని ఉన్నాడని సిగ్గుపడకు. వాడి యంత్రం ఎక్కడికీ పోదు, నా వేళ్ళు పోతాయి."

కేకమ్మ తలూపింది. మేస్త్రీ "సరే" అని లేచిపోయాడు.

ఆ రోజు సందు సందంతా బయటే ఉంది. కిటికీల్లో తలలు, మేడల మీద పిల్లలు, షట్టరు సగం దించి వచ్చిన దుకాణాలవాళ్ళు. కేకమ్మ తెల్లవారకుండానే నారింజ మందు పీల్చి, నోరు పుక్కిలించి, ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చి వాలు పక్కన నిలబడింది. భయమో సంబరమో ఆమెకే తెలియడం లేదు. మోకుని ప్రెస్సు లోపలి స్తంభానికి ఒక చుట్టు చుట్టి, ఎనిమిది మందీ పట్టుకున్నారు, కొసన మేస్త్రీ పట్టుకున్నాడు. తమ్ముడు యంత్రం వెనక గొంతుక్కూర్చుని కొత్త తొడుగులు బిగించుకున్నాడు.

"పట్టూ... లాగూ... అడ్డు!"

కదిలింది! పలకలు మూలిగాయి, యంత్రం పలకల మీదికి ముక్కు పెట్టింది. ముఠావాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. ఈలకి లేనిది ఏమిటో వాళ్ళ భుజాలకి తెలిసింది. రెండో గుక్క. మూడో గుక్క. మేడ మీది పిల్లలు కూడా "లాగూ" అని వంత పాడటం మొదలెట్టారు. యంత్రం సగం వాలు ఎక్కేసింది.

నాలుగో గుక్కకి ముందు, లోపల కాగితాల రీములు జరుపుతున్న ప్రెస్సు పనివాడు ఏదో పాత కట్ట కింద పడేశాడు. ఏళ్ళనాటి కాగితపు ధూళి గుమ్మంలోంచి గుప్పుమని వచ్చింది. గుడ్డ కట్టుకున్నా లాభం లేకపోయింది. కేకమ్మ "పట్టూ" అనేసింది, "లాగూ" సాగుతోంది, ఛాతీ లోపల ఎవరో తలుపులు ఒక్కొక్కటిగా మూస్తున్నారు. పిల్లికూత వినిపించింది. ఎదురుగా యజమాని. వీధంతా కళ్ళు. ఇంకొంచెం సాగదీస్తే పైపు తరవాతి పలక ఎక్కుతుంది, అందరూ శభాష్ అంటారు. యంత్రం వెనక వంగి ఉన్న తమ్ముడి వీపు కనిపించింది.

"అడ్డు!"

ఎవరూ ఊహించని చోట పడిందా మాట. తమ్ముడు మాత్రం ఆలోచించలేదు, చెక్క తోసేశాడు. బరువు కూర్చుంది.

"ఏమైంది? ఎందుకాపారు?" యజమాని కంగారుపడ్డాడు.

"నా కోసం ఆపాను" అంది కేకమ్మ, అందరికీ వినపడేట్టు. మాటకీ మాటకీ మధ్య రొప్పు. "ఊపిరి... పట్టేసింది. మందు పీల్చుకోవాలి. ఆగండి." లారీ చాటుకి పోలేదు. సంచిలోంచి నీలం డబ్బా, గొట్టం తీసి, అంతమంది ఎదుట తగిలించింది. మేడ మీంచి ఎవరో "ఇంత ఆయాసం ఉన్న మనిషిని తెచ్చారేంటి" అన్నారు. ఆమె ఊపిరి వదిలింది. డబ్బా నొక్కింది. మెల్లగా పీల్చింది. ఛాతీ నిండింది.

మోకు బిగిసింది!

ఇన్నేళ్ళ అలవాటు మరి. కేకమ్మ ఛాతీ పొంగితే తమ నడుము వంగాలని ఆ ఎనిమిది మంది ఒళ్ళకీ తెలుసు, వాళ్ళ బుర్రలని అడిగే పని లేదు. యంత్రం చెక్కని వదిలి బెత్తెడు పైకి జరిగింది. చెక్క కింద మిగిలిపోయింది. మేస్త్రీ "ఆగండ్రా!" అని అరవబోతే గొంతు కిర్రుమంది, అంతే.

నోటి నిండా మందుతో కేకమ్మ కళ్ళు తెరిచింది. "అడ్డు!" గొట్టంలోంచి మోగింది ఆ మాట, సందు అదిరిపోయింది. తమ్ముడి చెక్క టక్కున పడింది. మందు గాలిపాలైంది.

మోకు దగ్గరి పెద్దాయన తల గోక్కుంటూ, "నువ్వు పీలిస్తే మాకు చేతులు ఆగవు కేకమ్మా" అన్నాడు, తప్పు చేసిన పిల్లాడి ముఖం పెట్టి.

"అయితే నన్ను చూడకండి!" అంది కేకమ్మ. "మోకు స్తంభానికి కట్టెయ్యండి. అందరూ అటు గోడ వైపు తిరగండి."

తిరిగారు. ఎనిమిది మంది ఒడ్డూ పొడుగూ ఉన్న మగవాళ్ళు, బడిలో దండన పడినట్టు, గోడకి ముఖం పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. మేస్త్రీ కూడా తిరిగాడు, తనని తాను నమ్మలేక. మేడల మీద జనం విరగబడి నవ్వారు. నవ్వితే నవ్వారు. ఆ నవ్వుల మధ్య కేకమ్మ డబ్బా ఆడించి, నొక్కి, పీల్చి, కళ్ళు మూసుకుని, ఏనుగంత యంత్రాన్ని మనసులోనే నెమ్మదిగా ఎక్కించింది. కాసేపాగి ఇంకోసారి. తరవాత పక్కింటి మెట్టు మీద కూర్చుని, లోపలి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకునేదాకా తొందరపడకుండా చూసింది. యజమాని పచార్లు చేశాడు, ఆమె పట్టించుకోలేదు. పిల్లికూత ఆగింది. ధూళి అణిగింది. లేచి నిలబడింది.

"ఇటు తిరగండి, మోకు విప్పుకోండి. ఒక్క గుక్కలో పైకి."

మిగిలిన వాలంతా ఉంది, ఆపైన గుమ్మం అంచు. ఒక్క గుక్కలో అవుతుందని మేస్త్రీ నమ్మలేదు, ఆ సంగతి ఆయన ముఖం మీదే రాసి ఉంది. తమ్ముడు చెక్క పట్టుకుని అక్క వైపు చూశాడు. ఆమె కూడా అతన్నే చూసింది.

"పట్టూ...!" మోకు ఇనుప కడ్డీలా బిగిసింది. "లాగూ...!" యంత్రం కదిలింది. పలక దాటింది. ఇంకో పలక. కేక సాగుతోంది, పైపులు గలగలా దొర్లుతున్నాయి, తమ్ముడు చెక్కతో పాటు మోకాళ్ళ మీద వెనకే పాకుతున్నాడు. పిల్లలు వంత పాడటం మానేసి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. గుమ్మం అంచు దగ్గర యంత్రం ముక్కు ఒక్కసారి తటపటాయించింది. కేక ఆగలేదు, ఇంకొంచెం లేచింది, ఎనిమిది వీపులూ దానితో పాటు లేచాయి. ముక్కు దాటింది, నడుము దాటింది, తోక కూడా లోపలికి పోయింది.

"అడ్డు!"

చెక్క పడింది. సందంతా ఒక్కసారిగా హోరుమంది. ఎవరో చప్పట్లు, ఎవరో ఈలలు. మేస్త్రీ మోకు వదిలేసి భార్య వైపు రాబోయి, అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి, మళ్ళీ మోకు పట్టుకున్నాడు.

కేకమ్మకి ఆ గోలేదీ వినపడలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆఖరి మాట అనేసింది. పని అయిపోయింది. అయినా లోపల ఇంకా గాలి ఉంది! అడ్డు అన్నాక కూడా ఊపిరి మిగలడం ఆమె ఎప్పుడో మర్చిపోయింది. ఇప్పుడు దాన్ని ఏం చేసుకోవాలో తోచలేదు. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ మిగిలిన ఊపిరితోనే, మధ్యలో గాలి పీల్చుకోకుండా, గుమ్మం లోపలికి ఒక్క కేక వేసింది.

"ఒరే తమ్ముడూ, ఏవిరా నీ చేతులు, చూపించు!"

యంత్రం వెనక నుంచి అతను లేచాడు. తొడుగులు విప్పి పడేసి, రెండు చేతులూ పైకెత్తి, పది వేళ్ళూ విడదీసి ఆడించాడు.